ప్రతిఫలాపేక్ష లేకుండా

నరసాపురం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు గోడకానుకుని
రేకుల కింద నా బల్ల.
ముప్పై రెండేళ్లుగా ధరలు రాస్తున్నాను.
ఎకరం పల్లానికి, సెంటు మెరకకి,
రొయ్యల చెరువు మూడేళ్ల లీజుకి,
కాపు మీదున్న నూట పది కొబ్బరి చెట్లకి
అంకెల్లో ఇంత, అక్షరాలా ఇంత,
కొట్టివేతలు లేవు.

ఆ రోజు మాత్రం
ధర లేదని రాయమన్నారు.

యర్రంశెట్టి నాగవేణి, వయసు ముప్పై ఎనిమిది,
వృత్తి: లేసు అల్లకం.
"అలా వద్దు" అన్నాడు వెంట వచ్చిన మనిషి,
"గృహిణి అని కొట్టండి, కమిటీలో బాగుంటుంది."
ఆమె చేతిలో అప్పుడూ లేసు సూది ఉంది,
ఒళ్లో దారపుండ, సగంలో ఆగిన పువ్వు.
లేసుకి ఉండకింతని ఇస్తారు.
గంటలు ఎవరూ లెక్కపెట్టరు,
ఆడాళ్ల కాలక్షేపం కదా.

ఏం పుచ్చుకుంటున్నావమ్మా అని నేను అడగలేదు.
అడగనందుకే వంద ఎక్కువ ఇచ్చారు.

"దాత తన ఎడమ మూత్రపిండమును
కేవలము ప్రేమాభిమానములతో
ఎట్టి ప్రతిఫలాపేక్ష లేకుండా..."
నాకు కంఠతా వచ్చిన వాక్యమే.
తాతలు మనవలకి తోటలు రాసిచ్చేటప్పుడు
ఇదే కొడతాను.
తోటకి రెండోవైపు పొలంగట్టు ఉంటుంది.
దీనికి హద్దులు ఎక్కడ రాయాలి?

పుచ్చుకునే కుర్రాడు ఎండలో నిలబడ్డాడు.
ఇరవై ఆరేళ్లు. వారానికి మూడుసార్లు భీమవరం,
నాలుగేసి గంటలు మిషను పక్కన.
"ముట్టుకు చూడండి" అని ముంజేయి చాపాడు.
చర్మం కింద తుమ్మెద రొద.
వెంటనే చెయ్యి తీసేసుకున్నాను.
ఇతన్ని తిడుతూ పద్యం రాయడం నావల్ల కాదు.

కోసినవాడికి ఫీజు, మంచానికి అద్దె,
మందుకి ధర, అంబులెన్సుకి కిలోమీటరుకింత,
స్టాంపు కాగితానికీ నాకూ ముట్టింది.
ప్రేమ ఒక్కామె వంతుకే వచ్చింది.

పోనీ ధర కట్టేద్దామా?
రేవులో రొయ్యకి కౌంటు చెప్పినట్టు
వయసుని బట్టి, రక్తాన్ని బట్టి?
రేపు ఏ ఫైనాన్సు వాడో వచ్చి
ప్రోనోటులో తాకట్టు ఆస్తి అన్నచోట
ఇది కూడా కొట్టమంటే?
కొడతాను కాబోలు.
నా భయం వాడి గురించి కాదు.

కాలవ కట్టేసిన రోజుల్లో వెళ్లింది,
నీళ్లు వదిలాక మళ్లీ వచ్చింది.
"గంట వొంగి కూకుంటే పక్క లాగేస్తందండి.
మూడు నెల్లు ఉండ ముట్టుకోలేదు.
ఇస్తామన్నదాంట్లో సగం మధ్యలోనే పోయింది, పోనీండి.
ఆ మూడు నెల్ల కూలి ఎవరిస్తారండి?
ఏడాదికోసారి చూపించుకోమన్నారు,
ఆ పరీచ్చల డబ్బులో?"

చట్టం పుస్తకం దులిపి తిరగేశాను.
పోయిన సంపాదన ఇస్తే అది ధర కిందికి రాదట,
ఇవ్వవచ్చునట.
ఇవ్వవచ్చును. ఇవ్వవలెను కాదు.
ఆ రెండు మాటల మధ్య
ఎన్ని పొలాలు మునిగాయో
ముప్పై రెండేళ్లుగా నేనే కదా టైపు చేసింది.

స్టాంపు కాగితం కాదు, తెల్లకాగితం ఎక్కించాను.
ఎవరికి రాయాలో తెలియక
"గౌరవనీయులైన" దగ్గర ఖాళీ వదిలాను.
వృత్తి: లేసు అల్లకం. ఈసారి ఎవరినీ అడగలేదు.
తొంభై రోజులు. భీమవరం బస్సు ఛార్జీలు.
బతికున్నన్నాళ్లూ ఏడాదికో పరీక్ష.
"రోజు కూలి ఎంతని వెయ్యనమ్మా?"

ఆమె నాకేసి చూసింది.
రోజుకి ఎంతో ఎప్పుడూ చూసుకోలేదట.
ఉండకి ఇన్ని పువ్వులు, పువ్వుకి ఇన్ని ముళ్లు,
దీపం పెట్టాక అల్లినవి విడిగా,
జొరం వచ్చినప్పుడు అల్లినవి కలిపి...
వేళ్లు మడుస్తోంది,
తప్పిపోతే మళ్లీ మొదటి వేలి దగ్గర్నుంచి.

నా వేలు అంకెల మీట మీదే ఉంది.
ఆఫీసు తలుపులు మూస్తున్నారు.